స్టువర్టుపురం: పోలీసు పుస్తకం నుంచి పత్రిక శీర్షిక దాకా

బాపట్ల దాటి చీరాల చేరేలోపు వచ్చే స్టువర్టుపురం స్టేషను పేరు తెలియని తెలుగువారు అరుదు. అయితే ఆ పేరు ఎరిగినవారిలో అత్యధికులు ఆ స్టేషనులో ఎన్నడూ దిగినవారు కారు. వారికి ఊరిని పరిచయం చేసినవి పత్రికల నేరవార్తలు, ఆ తరువాత వెండితెర. ఎక్కడో దూరాన ఒక ఇంటి తాళం పగిలితే అనుమానం ఈ ఊరి వైపు తిరగటం, పట్టుబడిన వ్యక్తి ఎవరో తేలకముందే ‘స్టువర్టుపురం ముఠా’ అన్న మాట శీర్షికకు ఎక్కటం దశాబ్దాలుగా వార్తారచనలో పాతుకుపోయిన అలవాటు. ఈ అలవాటును సమర్థించేవారు చూపే ఆధారం ఒక్కటే: దొంగలను పోగుచేసి ఒకచోట ఉంచటానికే తెల్లవారు ఈ ఊరు కట్టారని. అచ్చులో ఇన్నిసార్లు వచ్చినందువల్ల ఆ మాటకు చరిత్ర హోదా దక్కింది గాని, ఊరు ఏర్పడిన తీరును, అందుకు దారితీసిన చట్టాన్ని పరిశీలిస్తే అది నిలిచే వాదం కాదు.

నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. మొదట ఉత్తర భారతానికి పరిమితమైన ఆ చట్టాన్ని 1911లో తిరగరాసి మద్రాసు రాజధానికి, అంటే అప్పటి మద్రాసు ప్రభుత్వ పాలనలోని ప్రాంతమంతటికీ వర్తింపజేశారు. దీని ప్రకారం ఒక మనిషి నేరం చేశాడని రుజువు కానక్కరలేదు. ఒక తెగ నేరాలకు అలవాటుపడినదని ప్రభుత్వం నమ్మి ప్రకటన చేస్తే చాలు, ఆ తెగవారి పేర్లు రిజిస్టరుకు ఎక్కేవి, వేలిముద్రలు తీసుకునేవారు, ఆ ప్రకటనను న్యాయస్థానంలో ప్రశ్నించే దారి కూడా మూసివేశారు. ప్రకటిత కుటుంబాలను ఒకచోట నిర్బంధంగా నివసింపజేసే ఏర్పాటును ‘సెటిల్‌మెంటు’ అన్నారు. 1913–14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ యాజమాన్యంలో ఎరుకల కుటుంబాలతో వెలసిన స్టువర్టుపురం అటువంటి సెటిల్‌మెంటు. సీతానగరం, కప్పరాళ్లతిప్ప, సిద్ధాపురం ఇదే చట్టం కింద వెలసిన మరికొన్ని. జైలుకు వెళ్లేవాడికి విచారణ ఉంటుంది, తీర్పు ఉంటుంది, శిక్షకు గడువు ఉంటుంది. ఇక్కడికి తెచ్చినవారికి ఈ మూడూ లేవు, వారి కడుపున పుట్టిన బిడ్డలకూ లేవు. కాబట్టి ‘దొంగల కోసం కట్టిన ఊరు’ అనే వాక్యంలో మొదటి మాటే తప్పు.

స్టేషను బోర్డు మీద నిలిచిన పేరు సర్ హెరాల్డ్ స్టువర్టుది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా సెటిల్‌మెంట్ల విధానానికి అండగా నిలిచినవాడు గనుక ఊరికి ఆయన పేరు పెట్టారని సాధారణంగా రాసి వదిలేస్తారు. ఆయన అంతకుముందు చేసిన కొలువులు ఇంతకంటె ముఖ్యం. 1891లో మద్రాసు రాజధాని జనాభా లెక్కలను నడిపి, కులాలను తెగలను వర్గీకరించి నివేదిక రాసినది ఆయనే. 1902–03 నాటి పోలీసు కమిషనుకు కార్యదర్శి ఆయనే. 1904లో దేశమంతటికీ ఏర్పడిన నేర నిఘా శాఖకు తొలి అధిపతీ ఆయనే. మనుషులను కులాలుగా లెక్కించే పని, కులాలను అనుమానితులుగా కనిపెట్టే పని ఒకే అధికారి చేతుల మీదుగా సాగి, చివరకు ఆ రెండింటి ఫలితంగా ఏర్పడిన ఊరికి ఆయన పేరే స్థిరపడింది. ఊరి పుట్టుకకు ఇంతకంటె స్పష్టమైన శాసనం మరొకటి అక్కరలేదు.

పత్రికలకు వారసత్వంగా వచ్చిన భాష కూడా ఆ కాలపు పుస్తకాలలోదే. ముల్లాలీ అనే పోలీసు అధికారి 1892లో మద్రాసు రాజధాని నేరస్థ వర్గాలపై ఒక పుస్తకం ప్రచురించాడు. రైల్వే పోలీసు అధికారి పాపారావు నాయుడు రైలు దొంగలపై ఒక పుస్తకమూ, 1905లో ప్రత్యేకించి కొరవల, ఎరుకల, కైకాడీల చరిత్ర పేరుతో మరొకటీ రాశాడు. ఎడ్గర్ థర్స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు–తెగల గ్రంథంలో ఎరుకలను కూడా కలిపి వర్ణించిన కొరవల అధ్యాయానికి ఇటువంటి పోలీసు రచనలే పెద్ద ఆధారం. ఒక తెగ పెళ్లి, పండుగ, ఆచారం పక్కనే దొంగతనపు పనిముట్ల వర్ణన చేర్చి, ఠాణాలో పుట్టిన సమాచారానికి శాస్త్రం హోదా కట్టబెట్టిన ఆ అధ్యాయం మీద ఈ ఊరివారికి తీరని అభ్యంతరం ఉంది, అది న్యాయమైన అభ్యంతరం. అదే థర్స్టన్ ఎరుకలలో ఉప్పు, కరివేపాకు పేర్లతో శాఖలున్నాయని నమోదు చేశాడు. ఆ పేర్లు ఏ జీవనాన్ని సూచిస్తున్నాయో ఆగి ఆలోచించి ఉంటే, ఆయన గ్రంథంలోనే వేరే చరిత్ర బయటపడేది.

ఆ చరిత్ర ఉప్పుది. తీరంలో చినగంజాం వంటి చోట్ల కొఠార్లలో పండిన ఉప్పును పెరికె సంచులలో నింపి గాడిదల మీద, ఎద్దుల మీద ఎక్కించి, ఆగకుండా నడిచి లోపలి గ్రామాలకు చేర్చి, అక్కడి ధాన్యాన్ని తిరుగు బాటలో తెచ్చిన వర్తకులు ఎరుకలు. దారి పొడవునా కరివేపాకు అమ్మటం, బుట్టలు చాపలు అల్లటం, ఆడవారు ఎరుక చెప్పటం ఈ సంచారానికి తోడు వృత్తులు. ఉప్పుపై ప్రభుత్వం గుత్తాధిపత్యం బిగించింది. అడవి చట్టాలు పశువుల మేతకూ, అల్లికకు కావలసిన వెదురుకూ అడ్డుపడ్డాయి. కాలువలు, ఆ తరువాత రైళ్లు సరుకు రవాణాను లాక్కున్నాయి. 1899లో బెజవాడ–మద్రాసు రైలుమార్గం పూర్తయ్యేసరికి తీరం వెంట పెరికెద్దుల వ్యాపారానికి చోటు లేకుండా పోయింది. బతుకుతెరువు పోయిన సంచారులు ఊరూరా తిరుగుతుంటే, నిలకడ లేనివారందరూ నేరస్థులేనన్న పాలకుల నమ్మకానికి వారే ఉదాహరణలయ్యారు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన ‘డిజానర్డ్ బై హిస్టరీ’ గ్రంథంలో మద్రాసు ప్రభుత్వపు కాగితాల ఆధారంగా ఈ క్రమాన్ని వివరించారు. స్టువర్టుపురం గురించి రాయబూనినవారు ముందుగా చదవవలసిన పుస్తకం అది.

సాల్వేషన్ ఆర్మీ కథనం దీనికి భిన్నంగా ఉంటుంది. ఫకీర్ సింగ్ అని పిలిపించుకున్న ఆ సంస్థ నాయకుడు బూత్ టకర్, నేరాన్ని రోగంగా భావించి దానికి చేసే వైద్యానికి ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టాడు. బడి, ఆసుపత్రి, ప్రార్థన తెచ్చామని ఆ సంస్థవారు చెప్పేది అబద్ధం కాదు. ఊరిలో ఆ చదువుతో పైకి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. అయితే వారు చెప్పకుండా వదిలిన భాగం పెద్దది. హాజరు పిలిచినప్పుడు ప్రతి మనిషీ పలకాలి, పాసు లేనిదే పొలిమేర దాటరాదు, పిల్లలను తల్లిదండ్రులకు దూరంగా ఉంచే అధికారం చట్టమే ఇచ్చింది. వ్యవసాయ సెటిల్‌మెంటుగా తలపెట్టిన ఊరికి భూమి సరిపోకపోవటంతో, చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి ఇక్కడి ఆడా మగా కూలీలుగా వెళ్లవలసి వచ్చింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన చీరాల–పేరాల ప్రజలు మునిసిపల్ పన్నును ధిక్కరించి, ఇళ్లు వదిలి రామనగరంలో గుడిసెలు వేసుకున్న ఘట్టం ప్రతి తెలుగు పాఠ్యగ్రంథానికీ గర్వకారణం. ఆ సమయానికి, ఆ రామనగరానికి కొద్ది మైళ్ల దూరంలో, ఊరు విడిచే హక్కే లేని కుటుంబాలు ఉన్నాయన్న సంగతిని ఈ ప్రాంత చరిత్రకారులలో అధికులు ఒక్క వాక్యంతోనైనా తలచుకోలేదు. ఆ మౌనమే పత్రికల ప్రచారానికి దారి ఇచ్చింది.

మద్రాసు రాజధానిలో ఈ చట్టం 1947లో రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. దాని స్థానంలో వచ్చిన అలవాటు నేరస్థుల చట్టాలు తెగలకు బదులు వ్యక్తులను పట్టుకున్నాయి గాని, నేరవార్త మాత్రం పాత రిజిస్టరులోనే ఉండిపోయింది. విలేకరికి వార్త అందేది ఠాణా నుంచి; ఠాణాకు తెలిసినది పాత అనుమానితుల జాబితా; రెండూ కలిసి మరునాటి శీర్షిక అవుతాయి. చీరాల అవతల వేటపాలెంలో, 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలు భద్రంగా ఉన్నాయి. ఈ పేరు ఏ పుటలో ఏ సందర్భంగా వచ్చిందో వాటిని తిరగేసి చూడదలచినవారికి ఎవరి అడ్డూ లేదు. వేరే ఊరి మనిషి దొంగతనంలో దొరికితే వార్తలో అతని ఊరు చిరునామాగా ఉంటుంది. ఈ ఊరి మనిషి దొరికితే ఊరే నేరానికి కారణంగా కనిపిస్తుంది. గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970లలో ఇక్కడ ఏళ్ల తరబడి చేసిన సంస్కరణ కృషిని కూడా చాలామంది దొంగలు మారిన కథగానే రాశారు. నేరం వైపు చూడనివారే ఊరిలో ఎక్కువమంది అన్న వాస్తవం వార్తకు పనికిరాలేదు. 1991లో ఒకే ఏడాది ఊరి పేరుతో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అనే రెండు చిత్రాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చేనాటికి, ఊరినీ తెగనూ చూపిన తీరుపై అభ్యంతరం ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది. ఉద్యోగానికి, పెళ్లి సంబంధానికి, పట్నంలో అద్దె ఇంటికి వెళ్లిన యువకుడు ఊరి పేరు చెప్పటానికి తటపటాయించవలసి రావటం ఆ శీర్షికల, ఆ చిత్రాల ప్రత్యక్ష ఫలితం.

ఈ అవమానం వదలాలంటే ఊరి పేరే మార్చాలనే ఆలోచనలోని బాధ అర్థమయ్యేదే అయినా, అది సరైన మార్గం కాదు. పేరు తీసివేస్తే తెగను రిజిస్టరుకెక్కించిన అధికారి జ్ఞాపకం చెరుగుతుంది. రిజిస్టరుకెక్కినవారి మీది నింద అలాగే ఉంటుంది, కొత్త పేరు పక్కన పాత పేరును కుండలీకరణాలలో పెట్టి పత్రికలే దానిని కొనసాగిస్తాయి. చేయవలసినవి వేరే ఉన్నాయి. సెటిల్‌మెంటుకు సంబంధించిన మద్రాసు ప్రభుత్వపు ఉత్తర్వులు చెన్నైలోని తమిళనాడు పురాలేఖల భాండాగారం నుంచి తెలుగులోకి రావాలి. ఉప్పు బాటల గురించి, పాసుల గురించి, పొగాకు కంపెనీ పని గురించి ఊరి పెద్దలు చెప్పే వివరాలు వారి పేర్లతోనే నమోదు కావాలి. స్టేషనులో ఆ బోర్డు కింద స్టువర్టు ఎవరో, నేరస్థ తెగల చట్టం ఎవరిని ఎందుకు ఇక్కడ నిలిపిందో తెలిపే పలక ఒకటి తెలుగులో ఉండాలి.