పేరు నచ్చి ఎంచుకున్న గుర్రం

ఏటా ఏప్రిల్‌లో ఒక శనివారం ఇంగ్లండులో గుర్రాల ఊసే పట్టనివాళ్లు కూడా ఒక గుర్రం పేరు చెబుతారు. ఏడాది పొడవునా పేపర్లో పందేల పేజీ తిప్పేసే ఇల్లాలు, ఆఫీసులో లెక్కలు రాసే గుమస్తా, వారాంతానికి చుట్టపుచూపుగా వచ్చిన మేనత్త, బడికెళ్లే పిల్లాడు, అందరికీ ఆరోజు తలా ఒక గుర్రం ఉంటుంది. దాన్నే ఎందుకు ఎంచుకున్నావంటే ఒకరు పేరు బాగుందంటారు. ఒకరికి జాకీ చొక్కా రంగు నచ్చుతుంది. ఇంకొకరికి గుర్రం నంబరూ తన పుట్టినతేదీ కలుస్తాయి. లివర్‌పూల్ శివార్లలోని ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ పందెం అది. దాదాపు 7 కిలోమీటర్ల దూరం, దారిలో 30 దూకుళ్లు. 1839లో మొదటిసారి గెలిచిన గుర్రం పేరు లాటరీ.

రేసుకోర్సు చుట్టూ తిరిగే అనుభవజ్ఞులు ఈ ఒక్కరోజు పందెంగాళ్లను చూసి నవ్వుకోవడం మామూలే. ఆ నవ్వు నాకు నచ్చదు. ఈ పందెం చరిత్ర తిరగేస్తే తెలియనివాడు చెప్పిన పేరుకు ఇక్కడ దక్కినంత మర్యాద ఇంకెక్కడా దక్కినట్టు కనిపించదు. పైగా అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. పందెం కట్టుబాటులోనే ఉంది.

1928 మార్చి 30 సంగతి చూడండి. పొగమంచు, కాళ్లు కూరుకుపోయే నేల. 42 గుర్రాలు బయల్దేరాయి. వాటిలో టిప్పరరీ టిమ్ అనే గుర్రానికి ఊపిరి సరిగా ఆడక గొంతులో గొట్టం అమర్చారు. ఎక్కినవాడు విలియం డటన్. లా చదివి సొలిసిటర్ అయినవాడు, జీతం తీసుకోని అమెచ్యూర్ జాకీ. బుకీలు ఈ గుర్రం మీద ఒకటికి వంద ఇస్తామన్నారు, అంటే గెలిచే ఆశ లేదన్నమాటే. బయల్దేరే ముందు ఒక స్నేహితుడు డటన్‌ను కేకేసి, మిగతావన్నీ పడిపోతే తప్ప నువ్వు గెలవవు అని వేళాకోళం ఆడాడని రేసుల చరిత్రలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మిగతావన్నీ పడిపోయాయి. కెనాల్ టర్న్ అనే మలుపు దగ్గర ముందు పరుగెడుతున్న ఈస్టర్ హీరో సరిగా దూకలేక కంచె మీద వాలి, వెనక్కి జారి కందకంలో పడింది. వెనక వస్తున్న గుర్రాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కొన్ని మొరాయించి ఆగిపోయాయి. చివరికొచ్చేసరికి బరిలో మిగిలినవి మూడు. వాటిలో ఒకదాని జీను జారిపోయింది. అమెరికా నుంచి వచ్చిన బిల్లీ బార్టన్ ఆఖరి కంచె దగ్గర పడింది. టిప్పరరీ టిమ్ మాత్రం ఒక్క దూకుడూ తప్పకుండా, తన నెమ్మది పరుగుతోనే వచ్చి గెలిచింది. జాకీ మళ్లీ ఎక్కాక బిల్లీ బార్టన్ రెండో స్థానంలో వచ్చింది. పందెం పూర్తి చేసినవి ఆ రెండే.

దీని ఫలితం మరుసటేడు కనిపించింది. గొంతులో గొట్టమున్న గుర్రమే గెలిచినప్పుడు మనది ఎందుకు గెలవకూడదని యజమానులు ఎగబడ్డారు. 1929లో 66 గుర్రాలు బరిలో నిలిచాయి. ఆ రికార్డు ఇప్పటికీ చెరగలేదు. ఆ ఏడాది గెలిచిన గ్రెగలాక్ ధర కూడా ఒకటికి వందే. వరసగా రెండేళ్లు పండితులందరూ పక్కన పెట్టిన గుర్రాలే గెలిచాయి. పేరు నచ్చిందని ఆ గుర్రాల మీద షిల్లింగు కాసిన ఇల్లాలి ముందు వాళ్లకు నోరు పెగిలి ఉండదు.

దీన్నంతా వట్టి అదృష్టమని కొట్టిపారేయలేం. గ్రాండ్ నేషనల్ హ్యాండిక్యాప్ పందెం. అందులో అన్ని గుర్రాలూ ఒకే బరువు మొయ్యవు. పాత ఫలితాలు చూసి హ్యాండిక్యాపర్ అనే అధికారి బలమైన గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ బరువు నిర్ణయిస్తాడు. జాకీ తూకం చాలకపోతే జీనులో సీసపు బిళ్లలు పెడతారు. అన్నీ ఒకేసారి గమ్యం చేరేలా లెక్క కట్టడమే ఆ అధికారి ఆదర్శం. నిపుణుడికి తెలిసినదంతా ముందే తూకంలోకి వెళ్లిపోతుంది. మిగిలిన కాస్త సందులోనే అందరూ ఊహించాలి. ఆ సందులో పండితుడికీ మేనత్తకూ మధ్య దూరం బాగా తగ్గిపోతుంది.

1973లో ఈ తూకం ఎంత పనిచేస్తుందో జనం కళ్లారా చూశారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్రిస్ప్ మీద సుమారు 76 కిలోలు పెట్టారు. రెడ్ రమ్ మీద దాదాపు 66. క్రిస్ప్ మొదట్నుంచీ విజృంభించి చాలాసేపు ఇరవై గుర్రాల నిడివికి మించిన ఆధిక్యంలో ఉంది. ఆఖరి కంచె దాటాక నేరుగా సాగే దారిలో దాని కాళ్లు తడబడసాగాయి. పక్కకు తూలుతోంది, మెడ వంగుతోంది, అడుగడుక్కీ వేగం తగ్గుతోంది. వెనక నుంచి రెడ్ రమ్ దూరం తగ్గిస్తూ గమ్యానికి కాస్త ముందు దాన్ని దాటింది. గెలుపు తేడా ముప్పావు నిడివి. 1934 నుంచి ఉన్న రికార్డును రెండూ బద్దలు కొట్టాయి. ఆ పది కిలోల తేడా లేకపోతే ఫలితం ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. ఓడిన గుర్రాన్నే ఎక్కువ ప్రేమతో తలుచుకునే పందేలు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. రెడ్ రమ్ తర్వాత 1974లోనూ 1977లోనూ గెలిచి, ఈ పందెంలో మూడు విజయాల ఏకైక గుర్రంగా నిలిచింది.

తెలియనివాళ్లు ఈ పందెంలోకి ఎలా వచ్చారన్నది వేరే కథ. 1906 నాటి చట్టం ప్రకారం వీధుల్లో నగదుతో పందెం కాయడం నేరం. డబ్బున్నవాడు తన బుకీకి ఫోన్ చేసి అప్పు మీద కాసుకోవచ్చు, దానికి అడ్డులేదు. కూలివాడు మాత్రం సందు చివర నిలబడిన బుకీ మనిషికి చీటీ, చిల్లర గుట్టుగా అందించి పోలీసు వస్తున్నాడేమోనని చూసుకోవాలి. ఒకే పనికి రెండు న్యాయాలు, అందులో ఒకటి పేదవాడిని దొంగను చేసింది. ఇంత అన్యాయమైన చట్టం అర్ధశతాబ్దం పైగా నడిచింది. ఈలోగా 1927లో బీబీసీ ఈ పందెం రేడియో వ్యాఖ్యానం మొదలుపెట్టింది. 1960లో టీవీ ప్రసారం వచ్చింది. 1961 మే 1న పందెపు దుకాణాలు చట్టబద్ధంగా తెరుచుకున్నాయి. ఏడాది తేడాలో వచ్చిన ఈ రెండు మార్పులతో గ్రాండ్ నేషనల్ ఇంటి ముందుగదిలోకి వచ్చేసింది.

దుకాణానికి కూడా వెళ్లనివాళ్లకు స్వీప్ ఉంది. గుర్రాల పేర్లు చిట్టీల మీద రాసి టోపీలో వేస్తారు. అందరూ తలా కొంత వేసి ఒక్కో చిట్టీ తీస్తారు. ఎవరి చిట్టీలోని గుర్రం గెలిస్తే పోగైన డబ్బంతా వాళ్లకే. ఇందులో ఎంపిక కూడా లేదు, కొత్తగా చేరిన ఉద్యోగికీ మేనేజరుకూ టోపీ ముందు ఒకే హోదా. ఇదే ఏర్పాటు దేశాల స్థాయిలోనూ నడిచింది. మన కలకత్తా టర్ఫ్ క్లబ్బు నడిపిన డెర్బీ స్వీప్ ఒకప్పుడు ప్రపంచమంతా ఎరిగినది. 1930లో మొదలైన ఐరిష్ హాస్పిటల్స్ స్వీప్‌స్టేక్ ఆసుపత్రులకు నిధులు కూడబెట్టింది. పెద్ద డ్రమ్ములోంచి నర్సులు టికెట్లు తీసేవారు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నిషేధం ఉన్నా టికెట్లు దొంగచాటుగా చేరేవి. అది 1987లో ముగిసింది.

మరో వైపు టిప్పులు అమ్మేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ప్రిన్స్ మోనొలూలు పేరు చెప్పకుండా ఉండలేం. అబిసీనియా రాకుమారుణ్ని అని చెప్పుకునేవాడు. నిజానికి కరీబియన్ ద్వీపం సెయింట్ క్రాయ్‌లో పుట్టినవాడు, అసలు పేరు పీటర్ కార్ల్ మెకే. నిప్పుకోడి ఈకల తలపాగాతో రేసుకోర్సుల్లో తిరుగుతూ తన దగ్గర గుర్రం ఉందని అరిచేవాడు. 1920 డెర్బీ పందెంలో స్పయన్ కాప్ అనే గుర్రం మీద కాసి 8,000 పౌండ్లు గెలిచాడన్న ఖ్యాతి అతన్ని జీవితాంతం బతికించింది. ఒకసారి సరిగ్గా చెప్పినవాడి మాట తర్వాత నలభై ఏళ్లు అమ్ముడుపోయింది. మేనత్త మాట మాత్రం ఉచితం. టిప్పు కొనేవాడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించాలి.

మళ్లీ గ్రాండ్ నేషనల్‌కు వస్తే, 1967 ఏప్రిల్ 8న ఫోయినావన్ అనే గుర్రం పరుగెత్తింది. ఈ గుర్రం మొదట వెస్ట్‌మిన్‌స్టర్ డచెస్ ఆన్ దగ్గర ఉండేది. ఆర్కిల్ అనే మహా గుర్రం కూడా ఆమెదే. ఆ కొట్టంలో పనికిరాదనుకుని అమ్మేశారు. పందెం రోజున కొత్త యజమాని రాలేదు. శిక్షకుడు జాన్ కెంప్టన్ ఊస్టర్‌లో వేరే పందెంలో స్వారీ చేస్తున్నాడు. ఆఖరి క్షణంలో దొరికిన జాకీ జాన్ బకింగ్‌హామ్. 44 గుర్రాల్లో దీని వెనక నిలబడినవాళ్లు ఎంతమందో ఊహించుకోవచ్చు.

ఇరవై రెండో దూకుడు బీచర్స్ బ్రూక్, అందరూ భయపడేది. 1839లో కెప్టెన్ బీచర్ అనే జాకీ పడిన కాలువ కాబట్టి ఆ పేరు. దాని తర్వాత వచ్చే ఇరవై మూడోది కోర్సులో అన్నిటికన్నా చిన్న కంచెల్లో ఒకటి. మొదటి కంచె దగ్గరే జాకీని పడేసుకున్న పోఫమ్ డౌన్ ఖాళీ జీనుతో ముందు పరుగెడుతోంది. కంచె దగ్గర అది దూకకుండా కుడి పక్కకు తిరిగి కంచె పొడవునా పరుగెత్తింది. ముందు వరస గుర్రాలు దానికి తగిలి ఆగాయి, వెనకవి వాటి మీదకొచ్చాయి. జాకీలు కంచె అవతలికి ఎగిరిపడ్డారు, గుర్రాలు ఇవతల నిలబడిపోయాయి. ఆ రొదలో ఒక్క గుర్రం సందు చూసుకుని దూకింది. వెనకబడి ఉండబట్టే బకింగ్‌హామ్‌కు అదంతా చూసి దారి మార్చుకునే వ్యవధి చిక్కింది. మిగతావాళ్లు మళ్లీ ఎక్కి వచ్చేలోపు ఫోయినావన్ చాలా దూరం పోయింది. జనం ఎక్కువగా కాసిన ఫేవరెట్ హనీ ఎండ్ వెంటబడినా 15 నిడివుల తేడాతో రెండో స్థానంలోనే ఆగింది.

బుకీలు ఫోయినావన్ మీద ఒకటికి వంద ఇచ్చారు. టోట్ మాత్రం 444 ఇచ్చింది. టోట్‌లో ధరను ఎవరూ ముందుగా నిర్ణయించరు, జనం కాసిన డబ్బంతా ఒకచోట చేరి గెలిచినవాళ్లకు పంచుతారు. ఆ గుర్రాన్ని నమ్మినవాళ్లు అంత తక్కువమంది. ఈ ఉమ్మడి పద్ధతిని 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఓలర్ తెచ్చాడు, తర్వాత మూలాన్ రూజ్ నాట్యశాల స్థాపకుల్లో ఒకడయ్యాడు. లెక్కలు చేసే యంత్రాన్ని జార్జ్ జూలియస్ తయారుచేశాడు, 1913లో ఆక్లాండ్‌లో పెట్టారు. అతను మొదట దాన్ని ఎన్నికల ఓట్లు లెక్కించడానికి చేశాడు. ప్రభుత్వం వద్దంది. రేసుకోర్సు తీసుకుంది.

ఓటు యంత్రం అక్కడికి చేరడం నాకు సబబుగానే తోస్తుంది. 1949లో మనస్తత్వ పరిశోధకుడు రిచర్డ్ గ్రిఫిత్ అమెరికా పందేల ధరలను గెలుపులతో పోల్చాడు. మొత్తం మీద జనం ధర నిజమైన అవకాశాలకు బాగా దగ్గరగా ఉంది. ఒక్కచోట మాత్రం ఎప్పుడూ తప్పుతున్నారు. గెలిచే ఆశ తక్కువ ఉన్న గుర్రాల మీద అవసరానికి మించి కాస్తున్నారు, ఫేవరెట్ల మీద కాస్త తక్కువ. విడివిడిగా ఎవరికీ ఏమీ తెలియనట్టు కనిపించినా కలిపితే తెలివే. ఆ తెలివిలోని లోటు కూడా బలహీనుడి పక్షాన నిలబడే లోటు.

ఇదంతా చదివి ఎవరైనా పందెం కాయడానికి బయల్దేరితే నాకు బాధ. మన ఇళ్లల్లో ఫలానావాడు రేసులకు పోతాడంటే ఆ మాటలో పొలాలు, నగలు, పిల్లల ఫీజులు కరిగిపోయిన చరిత్ర వినిపిస్తుంది, హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సు చుట్టుపక్కల ఇళ్లకు అది ఇంకా బాగా తెలుసు. 1968లో సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో రమ్మీ నైపుణ్యం ప్రధానమైన ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో మద్రాసు రేస్ క్లబ్బుకు సంబంధించిన కేసులో గుర్రప్పందేలు కూడా నైపుణ్యమే అంది. చట్టానికి ఆ మాట సరిపోతుంది, ఇంటి ఖర్చుకు సరిపోదు. నైపుణ్యం ఉన్నవాడు కూడా నెల జీతం పెడితే పోగొట్టుకుంటాడు. టోపీలో చిట్టీ తీసినవాడు పెట్టింది టీ ఖర్చు. ఆ హద్దు దాటనంత కాలమే స్నేహితుల పందెం స్నేహితుల పందెంగా ఉంటుంది.

జాకీల్లోనూ అమెచ్యూర్లు ఈ పందేన్ని వదల్లేదు. 1990లో మార్కస్ ఆర్మిటేజ్ మిస్టర్ ఫ్రిస్క్ మీద గెలిచాడు, ఇప్పటికీ రికార్డు సమయం అదే. 2022లో శామ్ వేలీ కోహెన్ నోబుల్ యేట్స్‌తో గెలిచాడు. అది అతని ఆఖరి స్వారీ, ధర ఒకటికి 50. గుర్రాల భద్రత కోసం 2024లో బరిని 40 నుంచి 34కి తగ్గించారు. ఆ ఏడాది ఒక్క గుర్రం కూడా కంచె దగ్గర పడలేదు, 21 గమ్యం చేరాయి. 2025లో నిక్ రాకెట్ గెలిచింది. ఎక్కినవాడు అమెచ్యూర్ ప్యాట్రిక్ ముల్లిన్స్, శిక్షకుడు అతని తండ్రి విల్లీ ముల్లిన్స్. గుర్రాన్ని విల్లీ దగ్గరకు పంపిన యజమాని భార్య ఆయనకు చిన్ననాటి స్నేహితురాలు. దాని మొదటి పరుగు చూసిన కొద్ది రోజులకే ఆమె క్యాన్సర్‌తో చనిపోయింది. గెలిచాక టీవీ ముందు విల్లీ ముల్లిన్స్‌కు మాట రాలేదు. ఆరోజు ఆ గుర్రం ధర ఒకటికి 33.