ఏఆర్‌డీ: తూర్పు జర్మనీ ఇళ్లలో పశ్చిమ టీవీ

పశ్చిమ జర్మనీలోని ప్రాంతీయ ప్రసార సంస్థలు 1950లో కలిసి ఏర్పరచుకున్న సమాఖ్య ఏఆర్‌డీ. ఇది ప్రభుత్వ శాఖ కాదు, వ్యాపార సంస్థా కాదు. అప్పట్లో ప్రేక్షకులు కట్టే లైసెన్సు రుసుమే దీనికి ప్రధాన ఆధారంగా ఉండేది. సంస్థల ఉమ్మడి టీవీ చానెల్ 1954 నవంబరులో మొదలైంది. అయితే దీని ప్రేక్షకుల్లో రుసుము కట్టే వీలే లేని తూర్పు జర్మన్లూ చాలామంది ఉండేవారు.

ఇందుకు భౌగోళిక స్థితి తోడ్పడింది. పశ్చిమ బెర్లిన్ చుట్టూ ఉన్నదంతా తూర్పు జర్మనీయే. బవేరియాలోని ఓక్సెన్‌కోప్ఫ్ శిఖరం, హార్జ్ కొండల మీది టవర్ల నుంచి కూడా బొమ్మ సరిహద్దు దాటి చాలా దూరం వెళ్లేది. ఎల్బే లోయలోని డ్రెస్డెన్‌కు మాత్రం అందేది కాదు. అందుకే జనం ఆ ప్రాంతానికి ‘ఏమీ తెలియనివాళ్ల లోయ’ అని పేరు పెట్టారు.

1961లో బెర్లిన్ గోడ కట్టిన వెంటనే కమ్యూనిస్టు యువజన దళాలు ఇళ్లపైకెక్కి, పశ్చిమానికి తిరిగి ఉన్న యాంటెన్నాలను మళ్లించాయి, కొన్నింటిని పీకేశాయి. ఇంట్లో ఏ చానెల్ చూస్తున్నారో తెలుసుకోవడానికి, టీవీలో వార్తల ముందు వచ్చే గడియారం ఎలా ఉంటుందని టీచర్లు పిల్లల్ని అడిగేవారని ఆ తరంవాళ్లు చెబుతారు. ఇంత చేసినా చూడటం ఆగలేదు. పశ్చిమ చానెళ్లను ఎవరికి వారు పెట్టుకోవచ్చు, కట్టేసుకోవచ్చు అని 1973లో తూర్పు జర్మనీ నాయకుడు హోనెకర్ బహిరంగంగానే అన్నాడు. గెలవలేని పోరును పాలకులు వదులుకున్నారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1989 అక్టోబరు 9న లైప్‌జిగ్‌లో సుమారు 70,000 మంది పాలనకు వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. ఆరమ్ రాడోమ్‌స్కీ, జీగ్‌బెర్ట్ షెఫ్కె అనే ఇద్దరు అసమ్మతివాదులు ఒక చర్చి గోపురం మీద దాక్కుని దాన్ని చిత్రీకరించారు. ఆ టేపును రహస్యంగా పశ్చిమ బెర్లిన్‌కు చేరవేస్తే, మర్నాడు ఏఆర్‌డీ ప్రసారం చేసింది. తమ వీధుల్లో జరిగినదాన్ని తూర్పు జర్మన్లు అలా పొరుగుదేశపు టీవీలో చూశారు. నవంబరు 9 రాత్రి 8 గంటల ఏఆర్‌డీ వార్తలు తూర్పు జర్మనీ సరిహద్దు తెరుస్తోందని చెప్పాయి. పదిన్నర దాటాక మరో బులెటిన్‌లో వార్తా వ్యాఖ్యాత హాన్స్ యోఆఖిమ్ ఫ్రీడ్రిక్స్ గోడ ద్వారాలు బార్లా తెరుచుకున్నాయన్నాడు. నిజానికి అప్పటికి అవి పూర్తిగా తెరుచుకోలేదు. కానీ విన్నవాళ్లు గేట్ల దగ్గరికి పోటెత్తారు. బోర్న్‌హోల్మర్ వీధి గేటును కాపలా అధికారులు పదకొండున్నర ప్రాంతంలో తెరిచేశారు.

టీవీయే పాలనను కూల్చిందనడం అతిశయోక్తి. పశ్చిమ టీవీ అందినచోట జనం కొంత ఎక్కువ సంతృప్తితో ఉన్నారనీ, డ్రెస్డెన్ ప్రాంతంలోనే దేశం వదిలిపోతామన్న దరఖాస్తులు ఎక్కువనీ 2009లో కెర్న్, హైన్‌ముల్లర్ ప్రచురించిన అధ్యయనం తేల్చింది. సాయంత్రపు వినోదం ఊరట కూడా ఇచ్చింది మరి.

రెండు జర్మనీలు ఏకమయ్యాక, తూర్పు జర్మనీ ప్రభుత్వ టీవీ వారసత్వ సంస్థ ప్రసారాలు 1991 డిసెంబరు 31న ఆగిపోయాయి. మర్నాటి నుంచి ఎండీఆర్, ఓఆర్‌బీ అనే కొత్త ప్రాంతీయ సంస్థలు ఏఆర్‌డీలో భాగంగా పూర్వపు తూర్పు జర్మనీలో చాలా భాగానికి ప్రసారాలు అందించాయి.