ఒడ్డెలును ప్రభుత్వపు పనుల గుత్తయు

దక్షిణ భారతమున చెరువుకట్ట నెరుగని గ్రామస్థు డుండడు. కట్టించిన ప్రభువు పేరు శాసనమునందును, మరమ్మతు చేయించిన అధికారి పేరు దస్తరమునందును, గుత్తదారుని పేరు బిల్లునందును నిలిచియుండును. మట్టి త్రవ్వి, తట్టల కెత్తి, దిమ్మిసతో నణచినవారి పేరు సామాన్యముగ నే పత్రమునందును కానరాదు. ఆ పనివారిలో అగ్రగణ్యులు ఒడ్డెలు. వీరు తరతరములుగ కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రములయందు స్థిరపడిన తెలుగువారు. పని వీరిది, గుత్త పరులది. ఈ భేదమెట్లు కలిగెను? దానిని తొలగించుటకు ఏ యత్నములు జరిగెను? అవి యెంతవరకు ఫలించెను? ఈ మూడు ప్రశ్నలును ఈ వ్యాసమునకు విషయములు.

పేరు, శాఖలు, భాష

ఓఢ్రదేశమునుండి వచ్చినవారగుటచే ఒడ్డెలను పేరు కలిగెనని పూర్వపు జనాభా లెక్కల నివేదికలు చెప్పుచున్నవి. ఆంధ్ర, తెలంగాణములందు వడ్డెరలనియు, కర్ణాటకమున భోవులనియు, వడ్డరులనియు, తమిళనాట బోయర్లనియు, ఒడ్డర్లనియు, మహారాష్ట్రమున వడార్లనియు వీరికి వ్యవహారము. రాతిపని చేయువారు కల్లు ఒడ్డెలు. మట్టిపని చేయువారు మన్ను ఒడ్డెలు. బండ్లపై రాయి తోలువారు బండి ఒడ్డెలు. 1909లో ప్రకటితమైన థర్‌స్టన్ గ్రంథమునందు వీరు తెలుగు జనులనియు, బావులు, చెరువుకట్టలు, రాతిగనుల పనులలో వీరిని మించు వేగము గలవారు లేరనియు వర్ణింపబడినది. 1906లో వెలువడిన భారతీయ భాషా పరిశీలన నాల్గవ సంపుటమునందు గ్రియర్సన్ ‘వడరి’ని తెలుగు మాండలికములలో నొకటిగ చేర్చెను. పని కొరకు దేశములు తిరిగినను ఇంటిభాషను విడువని జాతి యిది.

పూర్వపు పద్ధతి

కడప మండలమునందలి పోరుమామిళ్ల చెరువు శాసనము క్రీ.శ. 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు ఆ శాసనము లెక్క చెప్పుచున్నది. పనివారి సంఖ్యనైనను రాతిపై చెక్కించుట ఆ కాలపు ఔదార్యము.

చెరువును కట్టినవానికిని, బాగుచేసినవానికిని దానిక్రింది భూమిలో గాని, ఫలసాయములో గాని భాగమిచ్చుట పూర్వాచారము. రాయలసీమలో దీనిని దశబంధమనిరి. కన్నడదేశమున కట్టుకొడుగె యనిరి. కట్ట నిలిచినంతకాలము ఫలము నిలిచెడిది. కట్ట తెగిన ఫలమును తెగెడిది. పని నాణ్యమునకు ఇంతకంటె గట్టి పూచీ వేరొకటి లేదు. అయినను ఈ మాన్యములు సామాన్యముగ పెట్టుబడి పెట్టినవానికే దక్కినవి. త్రవ్విన ఒడ్డెకు దక్కినది కూలియే. కనుక పనికిని హక్కునకును మధ్యనున్న అంతరము ఆంగ్లేయులతో పుట్టినది కాదు. వారి కాలమున కాగితముపై కెక్కి స్థిరపడినది.

టెండరు పద్ధతి వచ్చుట

కుంపిణీ కాలమున చెన్నరాజధానిలో చెరువుల మరమ్మతు రెవెన్యూ బోర్డు క్రిందనుండెను. దానికి మరామతు శాఖయని పేరు. 1852లో మరామతుల విచారణ సంఘము నివేదిక యిచ్చిన పిదప, ఆ దశాబ్దముననే ప్రత్యేక మరామతు ఇంజనీర్ల శాఖ యేర్పడెను. 1856 జూలై 1న రాయపురమునుండి వాలాజా రోడ్డువరకు దక్షిణదేశపు తొలి ప్రయాణికుల రైలు నడిచెను. 1864లో బెంగుళూరునకు రైలు వచ్చెను. రైలుకట్టలకు, కాలువలకు, రహదారులకు మట్టిపనివారు వేలకొలది కావలసివచ్చిరి. భార్యాబిడ్డలతో, గాడిదలతో, గుడిసెల సామగ్రితో పనినుండి పనికి సాగిపోవు ఒడ్డెల బిడారములు ఆ కాలపు ఇంజనీర్ల వ్రాతలలో తరచుగ కనబడును.

వారు దినకూలికంటె కొలతపనినే కోరిరి. త్రవ్విన గోతి నడుమ త్రవ్వక విడిచిన మట్టిదిబ్బను చూచి లోతు కొలిచి, ఘనపు గజములకు లెక్కగట్టి సొమ్మిచ్చుట పద్ధతి. ఈ లెక్క ఒడ్డెకు నోటనుండెను, కాగితముపై లేదు. శాఖవారికి కావలసినది కాగితమే. ధరావతు సొమ్ము కట్టవలెను. ఆస్తిపాస్తుల నిరూపణపత్రము చూపవలెను. ఆంగ్లములోనున్న షరతులను చదివి వ్రాలు చేయవలెను. పని ముగిసి, కొలతపుస్తకము వ్రాయబడి, బిల్లు చెల్లువరకు మందిని పోషింపవలెను. స్థిరనివాసము లేనివానికి ఆస్తిపత్రము రాదు. చదువులేనివానికి షరతు తెలియదు. పెట్టుబడి లేనివానికి బిల్లు వచ్చువరకు పూట గడువదు. ఈ నాలుగు తలుపులును మూసియుండుటచే నడుమ మేస్త్రి ప్రవేశించెను. అతడు ముందుగ బయానా యిచ్చి మందిని కట్టివేసెను. గుత్తదారునికిని ఒడ్డెకును మధ్య నిలిచి రెండు చేతులను లాభము గొనెను. ఒడ్డెకు నైపుణ్యము లోపింపలేదు, పత్రము లోపించెను.

నేరజాతి ముద్ర

1871 నాటి నేరజాతుల చట్టము 1911లో చెన్నరాజధానికి విస్తరించెను. తిరుగుచు బ్రతుకువారిపై ప్రభుత్వమునకు అనుమాన మధికము. ఒడ్డెలలో కొన్ని తెగలును ఆ పట్టికలకెక్కెను. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినను, తమిళనాట విముక్త జాతుల పట్టికలో నెల్లూరుపేట ఒడ్డర్లు, సూరమారి ఒడ్డర్లు అను పేర్లు నేటికిని కలవు. పోలీసు ఠాణాలో హాజరు చెప్పుకొనవలసిన మనిషి ఇంజనీరు కచేరీలో ధరావతు కట్టి గుత్త పట్టుట ఎట్లు సంభవించును?

ఒక పోలిక

ఇదే చెన్నరాజధానిలో, ఇదే నియమముల క్రింద, మలబారు జిల్లాలో వేరొక కథ నడిచెను. 1925లో వడకర సమీపమున ఊరాళుంగల్ గ్రామమున వాగ్భటానందుని శిష్యులైన 14 మంది కార్మికులు సహకార సంఘముగ నేర్పడిరి. పనులు దొరకని కూలీలు తామే గుత్తదారులు కావలెనని వారి సంకల్పము. ఆ సంఘము నూరేండ్లు నిలిచి, రహదారులు, వంతెనలు కట్టుచు, దేశములోని పెద్ద కార్మిక సహకార సంఘములలో నొకటియైనది. ఒడ్డెలకును వారికిని చేతిపనిలో భేదము లేదు. వారు ఒక్కచోట నివసించిరి. ఒక గురువు వారిని చదివించి కూడగట్టెను. సంఘము పేరిట ధరావతు కట్టగలిగిరి. ఒడ్డెల మంది ఒక పని ముగియగనే వేరొక జిల్లాకు సాగిపోయెడిది. సంఘమునకు ఊరు కావలెను, లెక్క వ్రాయువాడు కావలెను. ఈ రెండును వారికి ఆలస్యముగ లభించినవి.

స్వాతంత్ర్యానంతర యత్నములు

ప్రణాళికల కాలమున ప్రభుత్వములు కార్మిక సహకార సంఘములను ప్రోత్సహించినవి. మహారాష్ట్రమున చిన్న పనులలో నొక భాగమును మజూర్ సహకార సంఘములకు విడిచియుంచు పద్ధతి యేర్పడెను. కేంద్రమున 1955లో జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ స్థాపితమై, చిన్న ఉత్పత్తిదారుల పేళ్లు నమోదుచేసి ధరావతు మినహాయింపు నిప్పించెను. 2012 నాటి కేంద్ర ఉత్తరువు ప్రభుత్వ కొనుగోళ్లలో నూటికి 20 వంతులు సూక్ష్మ, చిన్న సంస్థలనుండి కొనవలెనని విధించెను. అందులో 4 వంతులు షెడ్యూల్డు కులముల, తెగల వారివి. 2018లో ఈ 20 వంతులు 25కు పెరుగగా, స్త్రీల సంస్థలకు 3 వంతులు కేటాయింపబడెను. తక్కువ ధరకంటె నూటికి 15 వరకు అధికముగ కోరిన చిన్న సంస్థ, ఆ తక్కువ ధరకు దిగినచో దానికిని వంతు కలదు.

ఇది ఘనమైన యేర్పాటే. కాని ఈ ఉత్తరువు వస్తువులకును సేవలకును మాత్రమే వర్తించును. కట్టడపు పనులకు వర్తింపదు. కుర్చీలు చేయువానికి దారి దొరకెను. చెరువు త్రవ్వువానికి దొరకలేదు.

ఆ లోపమును కర్ణాటకము కొంత పూరించెను. 1999 నాటి కొనుగోళ్ల పారదర్శకత చట్టమును సవరించి, 2017 నుండి 50 లక్షల రూపాయల వరకు గల పనులలో షెడ్యూల్డు కులములకు నూటికి 17.15, తెగలకు 6.95 వంతులు ప్రత్యేకించెను. 2023లో ఆ పరిమితి కోటి రూపాయలకు పెరిగెను. కర్ణాటకమున భోవులు షెడ్యూల్డు కులము. కనుక ఈ చట్టము వారికి నేరుగ తాకినది. అదే జనులు సరిహద్దు దాటిన తమిళనాట మిక్కిలి వెనుకబడిన వర్గము, మహారాష్ట్రమున విముక్త జాతి, ఆంధ్ర, తెలంగాణములందు వెనుకబడిన తరగతి. ఒక్క పార, ఒక్క భాష, నాలుగు పట్టికలు. అన్న బళ్లారిలో పొందు షెడ్యూల్డు కులపు వంతును తమ్ముడు కర్నూలులో పొందలేడు.

హక్కు, వినియోగము

చట్టము తలుపు తెరచినను గడప దాటుట వేరు పని. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశము కంప్యూటరు ద్వారా టెండర్లు పిలుచుట ఆరంభించెను. పిదప ఇతర రాష్ట్రములును ఆ దారిని నడిచినవి. పెట్టెలో కాగితము వేయనీయక దౌర్జన్యముతో అడ్డగించు ముఠాలకు ఇందువలన కొంత కళ్లెము పడినది. కాని నమోదు, పన్ను సంఖ్య, కంప్యూటరు సంతకము, పూర్వానుభవ పత్రము అను క్రొత్త మెట్లు లేచినవి. 2017 నాటి కేంద్ర ఆర్థిక నియమములు వస్తువుల కొనుగోళ్లలో ధరావతును నూటికి 2 నుండి 5 వంతులుగ నిర్ణయించినవి. ఆ తక్కువ లెక్కనే 50 లక్షల పనికి పట్టినను లక్ష రూపాయలు ముందుగ మూలపడియుండవలెను.

ఇచ్చట నొక అపాయము కలదు. ధనవంతుడైన గుత్తదారుడు భోవి కులస్థుని పేరుతో టెండరు వేయించి, పని తానే చేయించి, పేరు పెట్టినవానికి కొంత ముట్టజెప్పుట సులభము. అప్పుడు చట్టము ప్రకారము వంతు చెల్లినట్లే లెక్క. పేరు ఒడ్డెది; లాభము మరల పరునిది. పూర్వపు మేస్త్రి తలుపు వెలుపల నిలిచెను; ఈ క్రొత్త మేస్త్రి పత్రము లోపలనే యుండును. దీనిని నివారించునది, తన పేరిట వెళ్లిన పత్రములో నేమున్నదో తానే చదువగలిగిన మనిషి యొక్కడే.

కావున ప్రవాసాంధ్ర సంఘములు తలపెట్టదగిన పనులు చిన్నవి, స్పష్టమైనవి. ప్రాంతభాషలోను ఆంగ్లములోను నుండు టెండరు షరతులను తెలుగున తెలియజెప్పుట. నమోదుకు వలయు పత్రములను సిద్ధపరచుట. అయిదారుగురు చిన్న పనివారిని సంఘముగ కూర్చి పూర్వానుభవమును, పెట్టుబడిని కలుపుట. బిల్లు ఆలస్యమైనచో వ్రాతపూర్వకముగ అడుగుట నేర్పుట. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల బాలురకు మాతృభాషలో ప్రాథమిక విద్య నుద్దేశించినది. ఆ బడిలో పద్యముతోపాటు గజముల లెక్కయు, గుత్తపత్రపు భాషయు నేర్పినచో, ఆ విద్య బాలుని ఇంటివృత్తికి బలమగును.

చెరువుకట్టపై రాజు పేరు శాశ్వతము. దాని మరమ్మతు బిల్లుపై గుత్తదారుడని వ్రాయుచోట, ఆ కట్టను పోసినవారి వంశీయుడు తన పేరును తన చేతితో, చదివి తెలిసి, వ్రాసికొను దినము కర్ణాటకమున అక్కడక్కడ ఆరంభమైనది. అది నాలుగు పట్టికలను దాటి తక్కిన సోదరులకును చేరవలెను.