ఆ గంట ఆ ఇంటిది

హైదరాబాద్ శివారు ఊరు రావిర్యాలకు ఒకవైపు శంషాబాద్ విమానాశ్రయం. మరోవైపు కొద్దిదూరంలోనే, అబ్దుల్ కలాం నాయకత్వంలో 1988లో రూపుదిద్దుకున్న క్షిపణి పరిశోధన సంస్థ, రీసెర్చ్ సెంటర్ ఇమారత్. సైనికుడి చేతికి ఆయుధం ఎలా వస్తుందో ఈ చుట్టుపక్కల ఊళ్లకు బాగా తెలుసు. ఆ ఆయుధం పట్టినవాడు ప్రాణం పోయి ఇంటికి వచ్చినప్పుడు మనం ఎలా మసలుకోవాలన్నది మాత్రం తెలుగునేల అంతా ఆలోచించుకోవాల్సిన సంగతి.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వారిలో 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి, సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు ఒకరు. జూన్ 17న ఆయన పార్థివదేహం హకీంపేట వైమానిక స్థావరానికి చేరింది. మర్నాడు సూర్యాపేట దగ్గర కేసారంలో, సొంత పొలంలో అంత్యక్రియలు జరిగాయి. కరోనా భయం ముమ్మరంగా ఉన్న రోజులవి. అయినా జనం దారి పొడవునా పూలు పట్టుకుని నిలబడ్డారు. కొడుకు మరీ పసివాడు కావడంతో తండ్రే చితికి నిప్పుపెట్టాడు.

సైనిక లాంఛనాల్లో ప్రతి కదలికకూ ఒక పద్ధతి ఉంది. శవపేటిక మీద కప్పే జాతీయ జెండాలో కాషాయ రంగు తల వైపు ఉండాలి. తోటి జవాన్లు తుపాకీ గొట్టాన్ని నేల వైపు దించి, తలలు వంచి నిలబడతారు. గాలిలోకి కాల్పులు జరిపి, బ్యూగిల్ మీద ‘లాస్ట్ పోస్ట్’ వాయిస్తారు. జెండాను చితిలో కాల్చకూడదు, గోతిలో పూడ్చకూడదు. దాన్ని ముందే తీసి, మడతపెట్టి, ఇంటివాళ్ల చేతికి అందిస్తారు. దేశం ఆ కుటుంబంతో నేరుగా మాట్లాడే క్షణం అదొక్కటే.

వీరగల్లు నుంచి శవపేటిక దాకా

పోరులో పడిపోయినవాణ్ని తలచుకోవడం మనకు కొత్త కాదు. తెలుగు ఊళ్ల పొలిమేరల్లో ఇప్పటికీ వీరగల్లులు కనిపిస్తాయి. చాలావాటిలో కింది అంతస్తులో యుద్ధం చేస్తున్న వీరుడు, మధ్యలో అతణ్ని తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు ఉంటారు. వీరుడి కుటుంబానికి మాన్యం రాసిచ్చిన సంగతి చెప్పే శాసనాలూ ఉన్నాయి. రాయి నిలిపితే సరిపోదనీ, వెనక మిగిలినవాళ్లకు అన్నం దొరకాలనీ ఆనాటివాళ్లు గ్రహించారు. పల్నాటి యుద్ధంలో పడిపోయినవారికి కారెంపూడిలో ఏటా కార్తీకంలో ఉత్సవం జరుగుతూనే ఉంది.

మొదటి ప్రపంచయుద్ధం నాటికి పరిస్థితి మారింది. నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు సూయజ్, పాలస్తీనా రంగాల్లో పోరాడారు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లకు గుర్తుగా నిలిపినవే. ఆ యుద్ధరంగాల్లో చనిపోయినవారు అక్కడి మట్టిలోనే కలిసిపోయారు. ఈజిప్టులోని హెలియోపోలిస్ స్మారకం మీద సుమారు 4 వేల మంది భారతీయ సైనికుల పేర్లున్నాయి. వారి ఇళ్లకు చేరింది కబురే తప్ప కడసారి చూపు కాదు.

స్వతంత్రం వచ్చాకా చాలాకాలం ఇదే వరస. 1962 నవంబరులో రెజాంగ్ లాలో పడిపోయిన 13వ కుమావూ బెటాలియన్ జవాన్ల దేహాలు మంచు కింద ఉండిపోయి, మరుసటి ఫిబ్రవరిలో గానీ దొరకలేదు. వారికి ఆ కొండల్లోనే సైనిక లాంఛనాలతో దహన సంస్కారాలు చేశారు. 1999 కార్గిల్‌తో ఈ పద్ధతి మారిపోయింది. యుద్ధంలో అమరులైన 527 మందిలో చాలామంది పార్థివదేహాలను సైన్యం స్వగ్రామాలకు పంపించింది. ఆ జూన్ 28న అమరుడై మహావీర్ చక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్ వాడే. శవపేటిక ఊరికి రావడంతో సైనికుడి చావు ఊరందరిదీ అయింది. దాంతోపాటు కెమెరాలు వచ్చాయి, నాయకులు వచ్చారు, నినాదాలూ వచ్చాయి.

నిరసన ఎవరిది?

సైనికుడి అంత్యక్రియల దగ్గర నిరసన తెలపవచ్చా అన్న ప్రశ్న అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇరాక్‌లో చనిపోయిన మాథ్యూ స్నైడర్ అనే సైనికుడి అంత్యక్రియలు 2006 మార్చిలో మేరీల్యాండ్‌లో జరుగుతుంటే, కాన్సాస్‌కు చెందిన వెస్ట్‌బరో బాప్టిస్ట్ చర్చి సభ్యులు కొందరు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. స్వలింగ సంపర్కులను సహిస్తున్నందుకు దేవుడు దేశాన్ని శిక్షిస్తున్నాడన్నది వారి వాదం. ఆ కుర్రవాడికీ వారికీ ఏ సంబంధమూ లేదు. తండ్రి దావా వేశాడు. 2011 మార్చి 2న కోర్టు 8-1 తేడాతో, ఎంత బాధించేదైనా అది వాక్ స్వాతంత్ర్యం కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. అంత్యక్రియలకు రెండు గంటల ముందు, రెండు గంటల తర్వాత 300 అడుగుల లోపు నిరసన కూడదని 2012లో చట్టం చేశారు. అంతకుముందే ‘పేట్రియాట్ గార్డ్ రైడర్స్’ అనే మోటారుసైకిల్ దళం, జెండాలు పట్టుకుని కుటుంబానికీ నిరసనకారులకూ మధ్య అడ్డుగోడలా నిలబడటం మొదలుపెట్టింది.

మన దగ్గర చావింటి ముందు ప్లకార్డు పట్టే పరాయివాళ్లు అరుదు. ఇక్కడ నిరసన లేస్తే చాలాసార్లు ఆ ఇంట్లోంచే లేస్తుంది. 2008లో ముంబై తాజ్ హోటల్లో అమరుడైన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ తండ్రి, బెంగళూరులో తన ఇంటికి వచ్చిన కేరళ ముఖ్యమంత్రిని లోపలికి రానివ్వలేదు. 2013 జనవరిలో సరిహద్దులో తల నరికివేతకు గురైన లాన్స్ నాయక్ హేమ్‌రాజ్ కుటుంబం, అతని తల తెప్పించాలంటూ మథుర జిల్లాలోని సొంతూళ్లో నిరాహార దీక్షకు కూర్చుంది. 2023 నవంబరులో ఆగ్రాలో కెప్టెన్ శుభమ్ గుప్తా తల్లి గుండెలవిసేలా ఏడుస్తుంటే నాయకులు చెక్కు చేతిలో పెట్టి ఫొటోలు దిగబోయారు. దీన్ని ప్రదర్శన చేయొద్దని ఆమె వేడుకుంది. సంతోష్ బాబుకు 2021 గణతంత్ర దినాన మహావీర్ చక్ర ప్రకటించినప్పుడు, పరమవీర చక్ర ఇవ్వాల్సిందని ఆయన తండ్రి మర్యాదగానే తన అసంతృప్తి చెప్పాడు.

ఇవేవీ సైన్యానికి అవమానం కావు. బిడ్డను ఇచ్చిన ఇల్లు లెక్క అడుగుతోంది. అడిగే హక్కు ఆ ఇంటికి ఉన్నంతగా మరెవరికీ లేదు. ఆ గొంతు నొక్కితే ఏమవుతుందో చూడాలంటే చైనా వైపు చూడాలి. గల్వాన్‌లో తమవాళ్లు నలుగురు చనిపోయారని ఆ దేశం ఒప్పుకున్నది 8 నెలల తర్వాత. ఆ లెక్కను అనుమానించి ఇంటర్నెట్‌లో రాసిన ఒక బ్లాగర్‌కు జైలుశిక్ష పడింది. మన సంతోష్ బాబు మూడో రోజుకల్లా సొంత పొలానికి చేరాడు. ఈ తేడా మనం గర్వపడాల్సింది, నిలబెట్టుకోవాల్సింది.

2025 మే 9న సరిహద్దులో అమరుడైన అగ్నివీర్ మురళీ నాయక్‌ది శ్రీ సత్యసాయి జిల్లా కల్లి తండా. అతని అంత్యక్రియలకు ఉప ముఖ్యమంత్రి, మంత్రులు వెళ్లారు, ప్రభుత్వం 50 లక్షలు ప్రకటించింది. అది సరైన పనే. కానీ స్వల్పకాల సేవకు చేరే అగ్నివీర్ అమరుడైతే పరిహారం, బీమా అందుతాయి గానీ, రెగ్యులర్ జవాను కుటుంబానికి వచ్చే పింఛను రాదు. వీరగల్లుతో పాటు మాన్యం ఇచ్చిన నేల ఇది. ఈ తేడా గురించి అడగడం దేశభక్తికి విరుద్ధం కాదు. అంత్యక్రియల వేళ కాకపోతే చట్టసభలో అయినా అడిగి తీరాలి.

అందుకే నాయకులకు ఒక విన్నపం: చెక్కు మర్నాడు ఇవ్వండి, కెమెరా లేకుండా ఇవ్వండి. పార్టీల కార్యకర్తలకు ఇంకొకటి: ఆ ఊరేగింపులో మీ జెండా, మీ నాయకుడి పేరు వద్దు. ఇక మనకు: ఆ ఇంటివాళ్లు ఏడిస్తే ఏడవనివ్వాలి, కోపగించుకుంటే వినాలి, ఫోన్లు జేబుల్లో పెట్టుకోవాలి. పదకొండో రోజు దాటాక ఆ కుటుంబానికి రావాల్సినవన్నీ అందాయో లేదో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దాకా తోడు వెళ్లి కనుక్కోవాలి. అమరుడికి మన చేతనైన వందనం అదే.