రేకు మీద మొలిచిన ఊరు

1963. బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం. హైదరాబాద్‌లో చిత్రకళ డిప్లొమా ముగించుకుని కొత్తగా చేరిన ఆ కుర్రాడికి ఇరవై మూడేళ్లు. పేరు కలాల్ లక్ష్మా గౌడ్. సొంతూరు మెదక్ జిల్లా నిజాంపూర్. చదవడానికి వచ్చింది కుడ్యచిత్రకళ. గోడంత బొమ్మలకు చెయ్యి అలవాటవుతున్న రోజుల్లోనే చిన్న లోహపు రేకు అతణ్ని పట్టేసింది.

రేకు మీద గీసి అచ్చు తీసే ఆ ఎచింగ్‌లో కుంచెతో పనిలేదు. నునుపు చేసిన రేకు మీద మైనం కలిసిన పూత పూస్తారు. సూదిమొనతో గీస్తే గీత పడినంత మేర పూత లేచి లోహం బయటపడుతుంది. తరవాత రేకును ఆమ్లంలో ముంచుతారు. అక్కణ్నించి పని ఆమ్లానిది. కాసేపు ఉంచితే సన్న గీత, ఎక్కువసేపు ఉంచితే లోతైన నల్లటి గీత. ఒక్క నిమిషం ఏమరితే మేక వెంట్రుక కాస్తా తాడైపోతుంది. పూత కడిగేసి, గాట్లలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్సులో తిప్పితే అప్పుడు కనిపిస్తుంది బొమ్మ, అదీ కుడిఎడమలు తారుమారై. తప్పు గీతను చెరిపేయడం తేలిక కాదు. గీసేవాడి కన్ను ముందే అంతా చూసి ఉండాలి.

ఆ కన్ను నిజాంపూర్‌లో తెరుచుకుంది. తోలుబొమ్మలాటలు, కుమ్మరి చేతి మట్టిపనులు చూస్తూ పెరిగినవాడు. బరోడాలో అతని గురువు కె.జి. సుబ్రమణ్యన్ శాంతినికేతన్‌లో చదివినవారు. పల్లె చేతిపనుల్ని చిన్నచూపు చూడకూడదని నమ్మినవారు. ఇలాంటి శిష్యుడికి అంతకన్నా ఏం కావాలి?

చదువయ్యాక గౌడ్ ఊరిదారి పట్టారు. పట్నం మర్యాదలు నేర్చి వచ్చిన కళ్లకు పల్లె కొత్తగా కనిపించింది. పట్నంలో గుసగుసగా చెప్పుకునే మాటలు ఇక్కడ పొలం గట్ల మీద బాహాటంగానే దొర్లుతున్నాయి. ఒంటి గురించి, కోరిక గురించి దాపరికం లేదు. అదంతా ఆయన గీతలోకి దిగింది. ఆడ, మగ, మేక, చెట్టు ఒకే బొమ్మలో పెనవేసుకున్నాయి. చెట్టు కాండంలో కండ కనిపిస్తుంది, మనిషి ఒంట్లో వేరు కనిపిస్తుంది. 1970ల నాటి ఆ బొమ్మల్లోని శృంగారం చూసి ఉలిక్కిపడ్డవాళ్లూ ఉన్నారు. ఆయన మాత్రం గీతను మెత్తబరచలేదు.

మంజీర నది పక్కనున్న బీర్కూర్ ఊరివాళ్లకు ఈ లోకం పరాయిది కాదు. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర, మెదక్ సీమను తడిపి, 1931లో పూర్తయిన నిజాంసాగర్ దాటి, బీర్కూర్ పక్కనుంచే గోదావరిలో కలవడానికి పోతుంది. ఏటి ఒడ్డున ఇసుక, కాలువ కింద వరి, పొదల్లో ముందుకాళ్లు ఎత్తి ఆకు అందుకునే మేక. మామూలు చిత్రకారుడైతే ఇందులో పచ్చదనం చూసి ఒక దృశ్యం వేసి ఇస్తాడు. గౌడ్ బొమ్మలో దృశ్యం వెనకాల, మనిషి ముందు అన్న తేడాయే లేదు. ప్రకృతి అంటే ఊరవతల ఉండేది కాదు, మన ఒంట్లోనే ఉందంటాయి ఆ రేకులు.

తొలినాళ్ల నలుపు, బూడిద వన్నెలు కాలక్రమంలో రంగులకు చోటిచ్చాయి. గ్వాష్, పాస్టెల్, గాజు మీద చిత్రాలు, మట్టి, కంచు శిల్పాలు... దేన్ని ముట్టుకున్నా పల్లె ముఖాలే. 2016లో పద్మశ్రీ వచ్చింది.

అయితే ఆయన మిగిల్చింది బొమ్మలొక్కటే కాదు. 1988లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూల్ అనే కళల విభాగం మొదలైనప్పుడు దాన్ని నిలబెట్టినవారిలో ఆయనొకరు. 2001లో డీన్‌గా పదవీ విరమణ చేశారు. రేకు మీద గీత పెట్టడం నేర్చుకోవాలని నిజాంపూర్ కుర్రాడు ఒకనాడు గుజరాత్ దాకా పోవలసి వచ్చింది. బీర్కూర్‌లో బొగ్గుముక్కతో గోడల మీద గీతలు గీసే పిల్లకు ఇవాళ ఆ చదువు ఆ విశ్వవిద్యాలయం ఉన్న గచ్చిబౌలిలోనే దొరుకుతుంది.