బొర్రా గుహల్ని కనిపెట్టింది ఎవరు? గోస్తనీ వెంట ఒక ప్రయాణం



విశాఖ బీచ్ రోడ్డు, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, అనంతగిరి ఘాట్, కటికి జలపాతం, బొర్రా గుహలు, అరకు. చలికాలం వచ్చిందంటే ఫోన్ నిండా ఈ వీడియోలే. మనవాళ్ళూ షేర్ చేస్తారు, తప్పేం లేదు. మన కొండలు అందంగానే ఉంటాయి కదా. కానీ ఆ వీడియోల్లో కొండ కనిపిస్తుంది, నీళ్ళు కనిపిస్తాయి, బొంగు చికెన్ కనిపిస్తుంది, మన చరిత్ర మాత్రం కనిపించదు. అందుకే ఈసారి అదే దారిలో చరిత్ర పట్టుకుని వెళ్దాం.

భీమిలి నుంచి మొదలుపెడదాం. ఒలందా వాళ్ళు 17వ శతాబ్దంలో వ్యాపారానికి దిగిన రేవు ఇది. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. ఊరి పక్కనే పావురాళ్ళకొండ మీద అంతకన్నా ఎంతో పాత బౌద్ధుల ఆనవాళ్ళు. ఇవి చూసి అందరూ ఫోటోలు తీసుకుంటారు. అక్కడే సముద్రంలో కలిసే నదిని మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. అది గోస్తనీ. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి రిజర్వాయరు నింపి, ఇక్కడ సముద్రంలో పడుతుంది. తాటిపూడి నీళ్ళు విశాఖ నగరం తాగుతుంది. అంటే సిటీలో కుళాయి తిప్పినవాళ్ళకి మన కొండతో చుట్టరికం ఉన్నట్టే. వాళ్ళకి తెలియకపోవచ్చు, మనకి తెలియాలి.

శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కితే అనంతగిరి మండలం వస్తుంది. 2022 నుంచి ఇది అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆ పేరుతోనే రోడ్డు సంగతి కూడా గుర్తు చేసుకోవాలి. ఇక్కడికి నైరుతి దిక్కున ఉన్న గూడెం కొండల్లో బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఘాట్ రోడ్డు వేయించింది మన తాతల చేతే. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగ్గా ఇవ్వకుండా, బలవంతంగా పని చేయించాడు. పోడు మీద ఆంక్షలు, పైనుంచి ఈ వెట్టి. 1922లో లేచిన మన్యం తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు ఒకటి. గాం గంటందొర, మల్లుదొర లాంటి మనవాళ్ళు సీతారామరాజు వెంట నడిచింది ఊరికే కాదు. కారు కిటికీ లోంచి మలుపులు చూసి మురిసిపోయేటప్పుడు, కొండల్లో రోడ్డంటే ఒకప్పుడు మనకి ఏమిటో కూడా తలుచుకోవాలి.

ఇక బొర్రా. దీని గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట: 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ కనిపెట్టాడు అని. పోటీ పరీక్షల పుస్తకాల్లో కూడా అదే. మనం కూడా బట్టీ పట్టాం. ఒక్కసారి లెక్క చూడండి. జియలాజికల్ సర్వే పుట్టిందే 1851లో. విలియం కింగ్ దానికి డైరెక్టరుగా ఉన్నది 1887 నుంచి 1894 దాకా. మరి 1807లో ఆయన బొర్రాకి ఎలా వచ్చాడు? తేదీయే నిలబడదు. అయినా ఒకరిని చూసి ఒకరు రాసేస్తున్నారు.

తేదీ సరిచేసినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఒక దొర వచ్చి చూస్తే "కనిపెట్టడం", తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్ళు చూస్తే ఏమీ కాదా? మన పెద్దలు చెప్పే కథ వేరే. మేస్తున్న ఆవు గుహ పైనున్న కన్నంలోంచి కింద పడింది. వెతుక్కుంటూ పోయిన కాపరికి లోపల లింగం లాంటి రాయి కనిపించింది. శివుడే ఆవుని కాపాడాడని అక్కడ పూజ మొదలైంది. శివరాత్రికి ఇప్పటికీ ఊళ్ళకి ఊళ్ళే కదిలి వస్తాయి. గోస్తనీ అనే పేరులోనూ ఆవు ఉంది. సైన్సు చెప్పేది ఇంకోటి: సున్నపురాయిని నీళ్ళు లక్షల ఏళ్ళు కరిగిస్తే ఏర్పడిన గుహ ఇది. ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళకి ఇక్కడ పాత రాతియుగం పనిముట్లు దొరికాయి. అంటే దొరల కన్నా వేల ఏళ్ళ ముందే ఇక్కడ మనుషులు తిరిగారు.

బొర్రాలో గైడ్ చెప్పని ఇంకో చరిత్ర ఉంది. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి ఈ కొండల్ని తొలిచి రైలు దారి వేశారు. ఈ రోజు అద్దాల బోగీలో టూరిస్టులు వెళ్ళేది ఆ దారిలోనే. ఆ తర్వాత బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో ఖనిజం కోసం ప్రైవేటు కంపెనీలకి ప్రభుత్వమే లీజులు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959 నాటి 1వ రెగ్యులేషను, దాని 1970 సవరణ చెప్తున్నా సరే. సమత సంస్థ కోర్టుకి వెళ్ళింది. హైకోర్టులో ఓడిపోయింది. అయినా వదల్లేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: చట్టంలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి లీజుకి ఇవ్వడం చెల్లదు. దేశమంతా "సమత తీర్పు" అని చెప్పుకునేది దీన్నే. అది పుట్టింది ఈ బొర్రా పంచాయతీలో. గుహలో లైట్లు వేసి చూపించే రాళ్ళ కన్నా ఇది తక్కువ వింతా?

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి బొర్రాకి వెళ్తే రెండు పనులు చేద్దాం. ఒకటి, ఎవరైనా "1807, విలియం కింగ్" అంటే గొడవ పడకుండా ఆ రెండు తేదీలు చెప్దాం. రెండు, గుహలో రాళ్ళకి, వాగులకి, చుట్టూ ఉన్న మెట్టలకి మన అవ్వలు, తాతలు ఏ పేర్లు పెట్టి పిలిచేవారో అడిగి రాసుకుందాం. ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. వాళ్ళ నోట విన్నది కింద కామెంట్లలో పెట్టండి, ఏ ఊరు, ఎవరు చెప్పారు అన్నది కూడా. మన పేరు మనం రాసుకోకపోతే, ఎవడో వచ్చి ఇంకోసారి "కనిపెడతాడు".

జై ఆదివాసీ.