కాలువ పడవ నుండి అంతర్జాలం దాకా

గ్రంథాలయ సిబ్బందికి శిక్షణ అన్నది కొత్త మాట కాదు. 1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం ఏర్పడగా, మరుసటి ఏడే ఎస్.ఆర్. రంగనాథన్ గారి పూనికతో శిక్షణ తరగతులు మొదలైనాయి. మన హోసూరు, క్రిష్ణగిరి, మత్తూరు అప్పుడు ఆ మద్రాసు రాజధానిలోని సేలం జిల్లాలోనివే. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలను పల్లెలకు పంపినారు. పాఠకుడు రాలేనిచోటికి పుస్తకమే పోవలెనన్నది అందులోని నీతి.

నేటి కాలువ అంతర్జాలం. 2003లో తెలుగు వికీపీడియా, 2006లో తెలుగు టైపు చేసే లేఖిని వచ్చినాయి. అదే 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చి, ఒకటో తరగతి మొదలు ఏటేటా ఒక్కొక్క తరగతికి తమిళం తప్పనిసరి అయింది. బడిలో తెలుగుకు చోటు ఇరుకైన బిడ్డలకు గ్రంథాలయమే రెండవ బడి.

కావున తెలుగు పుస్తకాల పేర్లను తెలుగు లిపిలోనే కంప్యూటరు పట్టికకు ఎక్కించడం, కొత్త పుస్తకాల కబురును ఫేస్‌బుక్, వాట్సాప్‌ల ద్వారా ఇండ్లకు చేర్చడం సిబ్బంది నేర్వవలసిన విద్యలు. తెలుగు చదవడం రాని గ్రంథపాలకునికి ఆ అక్షరాలు చూపవలసినది ఎవరు? ఉపాధ్యాయ మిత్రులారా, తల్లిదండ్రులారా, ఆ పని మనదే.